రెండు వేళ్ళ గీత

మొన్న ఆదివారం నాచారంలో కూరగాయల సంచీ పట్టుకుని నడుస్తుంటే పొడి సున్నం వాసన ముక్కుకు తగిలింది. పక్క మైదానంలో కుర్రాళ్ళు కబడ్డీ కోర్టుకు గీతలు పోస్తున్నారు. నేను తుమ్మాను. మామూలు తుమ్ము కాదు. ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు దగ్గర ఆగిన బండ్లన్నీ అది విని కదిలిపోయి ఉంటాయి. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆ తెల్లటి దుమ్ములోంచి మా దేవదానం సారు నడిచి వస్తున్నట్టే అనిపించింది. ఆయన పోయి ఆరేళ్ళయింది. అయినా సున్నం వాసన తగిలితే చాలు, నేను ముందుగా నా కుడి మడమ చూసుకుంటాను.

దేవదానం సారు మా డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టారు. మెదక్ వైపు ఏదో పల్లె నుంచి వచ్చి నాచారంలో చర్చి వెనక సందులో స్థిరపడ్డాడు. మనిషి ఐదడుగులు, మెడలో విజిల్ తీసేస్తే నాలుగున్నరే. ఆ విజిల్ ఊదితే చర్లపల్లి దగ్గర గూడ్సు బండి నిలబడిపోయేదని మా నమ్మకం. అంతకన్నా పెద్దది ఆయన కుతూహలం. అరటిపండు కొంటే ఆ గెల ఏ ఊరి నుంచి వచ్చిందో, బండివాడి బామ్మర్ది ఏం పని చేస్తాడో తెలిసేదాకా తొక్క ఒలిచేవాడు కాదు.

నేను కాలేజీ జట్టులో రైడర్‌ని. అంటే కూత పెట్టి అవతలివాళ్ళ గడిలోకి దూకేవాణ్ణి. డిగ్రీ రెండో ఏడాదిలో కొత్త తెల్ల బూట్లు కొన్నాను. వేసుకున్న మొదటి రోజే సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద ఒకాయన వాటిని తొక్కాడు. ఉప్పల్ స్టాపు వస్తుండగా నేను తోశాను. ఆయన కింద పడ్డాడు, చెయ్యి విరిగింది. ఈ కథను చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. ఒకసారి తొక్కినవాళ్ళు నలుగురు, ఒకసారి ఏడుగురు, ఒక పెళ్ళి భోజనాల్లో అయితే పదకొండుమంది. నిజానికి ఒక్కడే. టిఫిన్ డబ్బాతో డ్యూటీకి పోతున్న మనిషి.

కేసైంది. తొమ్మిది రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చేసరికి ప్రిన్సిపాల్ జట్టు జాబితాలో నా పేరు కొట్టేశాడు. "కేసున్నవాడు మా కాలేజీ బనియన్ వేసుకోవడానికి వీల్లేదు" అన్నాడు. నా మార్కులు చూస్తే థర్మామీటర్ కూడా జాలిపడేది. కబడ్డీ లేకపోతే నేను కాలేజీకి రావడానికి మిగిలే కారణం క్యాంటీన్ సమోసా ఒక్కటే.

దేవదానం సారు నన్ను ఆటసామాను గదిలోకి పిలిచాడు. ఉపదేశానికి సిద్ధపడి తల దించుకున్నాను. ఆయన స్టూలు దగ్గరకు లాక్కుని, "లోపట అన్నం ఎట్ల పెడ్తరు బిడ్డా?" అన్నాడు. పప్పు పల్చగనా, చిక్కగనా? పండుకుంటే ఫ్యాను కనవడ్తదా? దోమలు మనయేనా, వేరే జాతియా? అరగంట అడిగాడు. నాకు హుషారొచ్చి దోమలకు మీసాలు కూడా పెట్టి చెప్పాను. అన్నీ విని అదే గొంతుతో అడిగాడు:

"నువ్వు తోసినాయినది ఏ చెయ్యి ఇరిగింది?"

"తెల్వద్ సార్."

"తొమ్మిది దినాలు లోపటుంటివి. ఏ చెయ్యి కోసమో తెల్వదా? పోయి సూసిరా. నేను నిన్న పోయి అడిగొచ్చిన, రమ్మన్నడు."

"మరి మీరు సూసే ఉంటరు గద సార్?"

"నేను సూస్తె నాకెరుకైతది. నీకెట్లెరుకైతది?"

నేను తోసిన ఆయన పేరు యాదగిరి. నాచారం ఫ్యాక్టరీల వెనక ఒక్క గదిలో కాపురం. తోడొచ్చిన సారు సందు మొదట్లోనే ఆగిపోయాడు. నేను గుమ్మంలో నిలబడేసరికి యాదగిరి కంచం ముందు కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఎడమచేత్తో అన్నం కలుపుతుంటే మెతుకులు కంచం దాటిపోతున్నాయి. ఆయన భార్య నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"వచ్చిండా పైల్వాను! రా, కూసో. బూట్లు బయటనే ఇడువు. లోపటికొస్తె మళ్ల ఎవలన్న తొక్కుతరు."

"ఊకో జర" అని యాదగిరి నావైపు తిరిగాడు. "తొక్కింది నిజమే తమ్మీ. గాని ఆ బస్సుల కాలు పెట్ట జాగేడుండె చెప్పు?"

బయటికి వచ్చాక సారు "ఏ చెయ్యి?" అన్నాడు. "కుడిది" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. ఆయన జీవితంలో ఒకే ప్రశ్నతో ఆగిన రోజు అదేననుకుంటాను. ఆ తరువాత యాదగిరి కట్టు విప్పేదాకా, నల్లా వచ్చిన రోజుల్లో వెళ్ళి వాళ్ళ బిందెలు మోశాను. అన్నీ ఒకచోట పోసి ఉంటే నాచారానికి సొంత హుస్సేన్ సాగర్ ఉండేది.

సారు ప్రిన్సిపాల్ వెంటపడి వెంటపడి ఒక్క మ్యాచ్‌కు ఒప్పించాడు. షరతు కూడా వచ్చింది: "మైదానంలో చిన్న గొడవ జరిగినా వాడి పేరు మళ్ళీ నా ముందుకు తేవద్దు." మా దగ్గర ఒక పద్ధతుండేది. ఏదో తప్పు చేసి జట్టులోకి తిరిగొచ్చినవాడు మొదటి మ్యాచ్‌కు కోర్టు గీతలన్నీ ఒక్కడే పోయాలి. "రెండు వేళ్ళ మందమే ఉండాలె. ఎక్కువొద్దు" అని సున్నం బకెట్టు చేతికిచ్చాడు సారు. ఏ పనైనా ఎక్కువ చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. విమానంలో పోయేవాళ్ళకు కూడా కనిపించాలని నాలుగు వేళ్ళ మందాన పోశాను. సారు వచ్చి చూసి, "లావైంది గద బిడ్డా" అన్నాడు. "అందంగుంది సార్" అన్నాను. "సరే, ఆడేది నువ్వేనాయె" అని వెళ్ళిపోయాడు.

గీత దగ్గర కూర్చుని చూసేందుకు ఆయన పిలిచింది ఎవరిననుకున్నారు? యాదగిరిని. దసరాకు ఊళ్ళో కబడ్డీ ఆడిన మనిషే. అవతలి కాలేజీ మాస్టారు అనుమానంగా "ఎవలీయన? మీ మనిషేనా?" అంటే, సారు నన్ను చూపించి, "మా రైడరు చెయ్యి ఇరగ్గొట్టింది ఈయన్దే. ఇంతకంటె నిఖార్సైనోడు మీకేడ దొర్కుతడు?" అన్నాడు. అవతలి మాస్టారు సంతోషంగా ఒప్పుకున్నాడు.

చివరి రైడ్. రెండు జట్లకూ పాయింట్లు సమానం. అవతల ఏడుగురూ ఉన్నారు కనుక ఒక అవకాశముంది. వాళ్ళ గడి చివర ఉండే బోనస్ గీతను కాలు పూర్తిగా దాటించి వెనక్కి వస్తే ఒక పాయింటు, గెలుపు మాదే. కూత పెట్టి వెళ్ళాను, కాలు చాపాను, గాలిలా తిరిగొచ్చాను. మావాళ్ళు నన్ను భుజాలకెత్తుకోబోతుండగా యాదగిరి చెయ్యి లేపాడు. కుడిచెయ్యి. కట్టు విప్పి వారమే అయింది, పాలిపోయి సన్నగా ఉంది.

"దాటలే. మడిమె గీత మీదనే పడ్డది."

మైదానం ఒక్కసారి భగ్గుమంది. "పగ తీర్చుకుండ్రా వాడు! పట్టున్రి!" అంటూ మా కెప్టెన్ శీను నలుగురితో అటు ఉరికాడు. ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచాడు. నా పిడికిలి కూడా బిగుసుకుంది. అబద్ధమెందుకు, బస్సులో బిగుసుకున్నంతగానే. అప్పుడు సారు నా పక్కకు వచ్చి, విజిల్ ఊదకుండా, పోయిన వస్తువేదో వెతుకుతున్నట్టు వంగాడు.

"ఒకసారి కాలు లేపు బిడ్డా."

లేపాను. మడమ తెల్లగా ఉంది.

"గీత ఎవలేసిన్రు?"

"నేనే సార్."

"ఎన్ని వేళ్ళు?"

"నాలుగు."

"ఓహో" అన్నాడు, అరటిగెల ఏ ఊరిదో తెలిసిన ముఖంతో. అంతే. యాదగిరి జోలికి పోవద్దని గానీ, మావాళ్ళను ఆపమని గానీ చెప్పలేదు.

నేను ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టాను. తెల్ల మడమ చేత్తో పట్టుకుని, "దాటలే! నేను దాటలేరా! సున్నం సూడున్రి!" అని కీసర గుట్ట మీద స్వామికి వినబడేలా అరుస్తూ వెళ్ళి యాదగిరి ముందు నిలబడ్డాను. నిలబడ్డానంటే ఒంటికాలి మీదే. శీను ఆగి నా మడమ చూశాడు. తరువాత గీత చూశాడు. తరువాత నన్ను బూతు మాట ఒకటి అన్నాడు.

యాదగిరి మాత్రం నిజంగానే బాధపడ్డాడు. "జర సన్నగేస్తె గెలుస్తుంటివి గద తమ్మీ!"

ముందు అవతలి జట్టు నవ్వింది, తరువాత మావాళ్ళు. మేం గెలవలేదు. ప్రిన్సిపాల్ వచ్చి నా మడమను ఆయన కూడా పరీక్షించి, జేబులోంచి జాబితా తీసి నా పేరు మళ్ళీ రాశాడు. "వచ్చే మ్యాచ్‌కు గీతలు సన్నగా వేయించండి" అన్నాడు సారుతో. కొన్నాళ్ళకు యాదగిరి కోర్టులో రాజీకి తనంతట తానే ఒప్పుకున్నాడు.

చాలా ఏళ్ళ తరువాత సారును అడిగాను, గీత లావైందని తెలిసీ ఎందుకు చెరపించలేదని. "నాకు సూడాలనిపించింది బిడ్డా, ఏమైతదో" అన్నాడు.

ఇప్పుడు ఎవరైనా తాము చేసిన తప్పు గురించి నా దగ్గరికి వచ్చి చెప్పుకుంటే, ఎందుకు చేశావని నేను అడగను. ఏ చెయ్యి విరిగిందని అడుగుతాను. తెలియదంటే చూసి రమ్మంటాను. మొన్న నాచారం మైదానంలో కూడా సంచీ కింద పెట్టి, సున్నం పోస్తున్న కుర్రాడి దగ్గరికి వెళ్ళి గీత మీద రెండు వేళ్ళు ఆనించి చూశాను. సరిగ్గా ఉంది.

ఇందులో తుమ్మును పెంచాను, విజిల్‌ను పెంచాను, బిందెల సంగతి మీకు తెలిసిందే. గీతను మాత్రం పెంచలేదు. అది ఒకసారి పెంచి చూశాను, చాలు.