నీళ్ల గంట

నాకు నోటి దురుసు ఎక్కువని మా స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు. అంత నోరుండీ, వాడాల్సిన చోట వాడలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

కడప జిల్లాలో ఒక నేతగాళ్ల ఊరి సర్కారు బడికి నేను హెడ్మిస్ట్రెస్‌ని. ఎండలు ముదిరితే మా బళ్లలో నీళ్ల గంట కొడతారు. పాఠం ఆపి పిల్లలంతా బాటిళ్లు ఎత్తి తాగాలి. ఏడో తరగతిలో ఒక పిల్ల మాత్రం మూత తీసి, పెదాలు తడిపి, మళ్లీ పెట్టేసేది. కాళ్లలో బలం లేక చక్రాల కుర్చీలో వచ్చేది. వాళ్లమ్మ పొద్దున దింపి, సాయంత్రం మగ్గం దిగి వచ్చి తీసుకుపోయేది.

"తాగవేమే? వడదెబ్బ కొడితే ఎవురు చూస్తారు?" అని ఒకరోజు గద్దించాను.

"దప్పి ల్యా మేడం."

పక్క పిల్ల ఊరుకోలేదు. "అబద్ధం మేడం! తాగితే బాత్రూముకు పోవల్ల గదా. ఆడ మూడు మెట్లుండాయి. తలుపు ఇరుకు, కుర్చీ పట్టదు."

నాకు తల కొట్టేసినట్టయింది. బడి ముందర నున్నటి ర్యాంపు ఉంది. దాని ఫొటో బడి వివరాలు పైకి పంపే యాప్‌లో పెట్టింది నేనే. నడవలేని పిల్లలకు మరుగుదొడ్డి ఉందా అన్న చోట 'ఉంది' అని నొక్కిందీ నేనే. మా ఉద్యోగాల్లో అదొక అలవాటు. 'లేదు' అంటే సంజాయిషీ రాయాలి, మీటింగులో నిలబెట్టి అడుగుతారు. 'ఉంది' అంటే ఎవరూ అడగరు. మరుగుదొడ్డి ఉంది కదా, మెట్ల సంగతి వాళ్లు అడగలేదు కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

బళ్లో పనిచేసే ఆయాతో ఎత్తిస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. "సిగ్గు మేడం" అని తల వంచుకుంది.

ఆ ఏడాదే నిబంధనలు మార్చారు. ఏ పిల్లకూ బళ్లో అడ్డంకి ఉండకూడదు, కొత్త మరుగుదొడ్లు కట్టిస్తామన్నారు. సంబరంగా మండల ఆఫీసుకు పరిగెత్తాను. గుమాస్తా కంప్యూటర్లో చూశాడు.

"మీ బళ్లో ఉండాది గదా మేడం! మీరే కొట్టినారు. లేదన్న బళ్లకే ఇస్తాండారు."

"తప్పు కొట్టినానప్పా. దిద్దు."

"ఇప్పుడు కాదు మేడం. వచ్చే ఏడు చూద్దాం."

"అంతవరకూ ఆ పిల్ల దప్పి ఆపుకోవల్లనా?" అని అరిచాను. ఆఫీసంతా నావైపు తిరిగింది. ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. తప్పు నాదేనని అర్జీ రాసిచ్చి వచ్చాను.

పది రోజులకు పిల్ల రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. తల్లి మగ్గం ఆపలేదు.

"మూత్రంలో మంట, జ్వరం మేడం. నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. బడికొస్తే తాగదు. ఇంట్లోనే మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటాదిలే."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రాట్నం ముందు కూర్చున్న పిల్ల నన్ను చూసి నవ్వింది. అంతలో దూరంగా మా బళ్లో నీళ్ల గంట మోగింది. పక్కనున్న చెంబు ఎత్తి గటగటా తాగేసింది.

"మీ గంట ఈడికి ఇనపడతాది మేడం," అంది మూతి తుడుచుకుంటూ. "కొట్టినప్పుడల్లా నేనూ తాగుతాండా."