రెండు సిలిండర్ల బండికి కార్బురేటర్ల జత: గోడాదరా నుంచి పల్సానా దాకా

మా బాపు మోటార్‌సైకిలు వయసులో నాకంటే పెద్దది. దానికి రెండు సిలిండర్లు, ఒక్కో సిలిండరుకు ఒక్కో కార్బురేటరు. రెండూ అరిగిపోవడంతో ఏడాదిగా అది, మావాళ్లు మగ్గాల పనికి వలసొచ్చిన ఈ గుజరాతీ నగరంలో, గోడాదరాలోని మా ఇంటి ముందు గల్లీలో నిలబడి ఉంది. పోయిన నెల బండితో వచ్చిన పుస్తకంలో సైజు చూసి నేనే ఆన్‌లైన్‌లో కొత్తవి రెండు తెప్పించాను. బాపు వాటిని చెరో చేతిలో పట్టుకుని చూసి, "రెండు ఎడమకాలి చెప్పులు తెచ్చినవ్ బిడ్డా" అన్నాడు. ఈ బండికి కుడిది వేరు, ఎడమది వేరు. వాటిని సరిచేసే స్క్రూలు బయటి వైపుకు ఉంటేనే చెయ్యి అందుతుంది. ఆ సంగతి పుస్తకంలో బొమ్మ కింద రాసే ఉంది. నేను పాఠం చదివాను, బొమ్మ చూడలేదు. వాటిని వాపసు పంపాక, శనివారం సాయంత్రం ఐదింటికి వచ్చి బండి పట్టుకుపొమ్మని బాపు పాత ఇనుము కొనే అతనికి చెప్పేశాడు. ఆ లోపల బండి నడిస్తే ఇవ్వకూడదని అడిగాను. సరేనన్నాడు.

నేను ఉండేది నగరానికి అవతలి వైపు ఆల్థాన్‌లో, పనిచేసే స్కూలు లైబ్రరీకి దగ్గర. శనివారం ఏడింటికి సిటీ బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, ఎనిమిదింపావుకు గోడాదరా చేరాను. బాపు పాత కార్బురేటర్లను స్టీలు టిఫిన్ డబ్బాలో సర్దుకుని గడపలో కూర్చుని ఉన్నాడు. పర్వత్ పాటియా నుంచి కడోదరాకు షేర్ ఆటోలో మనిషికి ముప్ఫై రూపాయలు, అక్కడ మారితే పల్సానాకు ఇంకో ఇరవై. రెండో ఆటో డ్రైవరు ముక్కు ఎగబీల్చి, నన్ను అక్కా అని పిలుస్తూ, "బెన్, ఆ డబ్బాలో ఏంటి, పెట్రోలు కూరా?" అని హిందీలో అడిగి నవ్వాడు. ముప్ఫై ఏళ్లు లూమ్స్ మధ్య, ఆ మరమగ్గాల హోరులో పనిచేసిన బాపుకు చెవులు సరిగా వినబడవు. నేను ఆ మాటను పెదవులతో చెప్పాను. అందరూ నవ్వడం ఆపాక ఆయన ఒక్కడే నవ్వాడు.

పల్సానాలో మేం వెళ్లింది కొమురయ్య కాక దగ్గరికి. ఆయన ఒకప్పుడు బాపుతో పాటు లూమ్స్ నడిపేవాడు. ఇప్పుడు పాత బండ్లు కొని, విప్పి, సామాను అమ్ముతున్నాడు. ఆయన షెడ్డు ఒక పవర్‌లూమ్ కార్ఖానా గోడకు ఆనుకుని ఉంది. ఆ చప్పుడులో మన గొంతు మనకే వినబడదు. పరిచయం లేని చోట నోరు విప్పడం నాకు కష్టం, అడగాల్సినవి చీటీ మీద రాసుకుని వెళ్తాను. ఇక్కడ చీటీ తియ్యలేదు. లూమ్స్ దగ్గర మావాళ్లు పెదవులతో, వేళ్లతో మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకెళ్తూ నేనూ నేర్చుకున్నాను.

"ఏందిరా రాజేశం, గా బండిని ఇంకా బొంద పెట్టలేదా?" అన్నాయి బాపును చూసి కాక పెదవులు. బల్ల మీద రెండు జతల కార్బురేటర్లు పెట్టాడు. ఒకటి తళతళలాడుతోంది, రెండోది మసి పట్టి ఉంది. మెరిసేదాన్ని నా వైపు తోశాడు. "గిది పట్టుకపో. పెండ్లికొడుకు లెక్క లేదా?"

నేను మూత విప్పి, లోపల పైకీ కిందికీ జారే స్లైడును కదిపి చూశాను. మెరిసేదాంట్లో అది పక్కలకు ఊగింది. అంటే లోపల అరిగింది, గాలి దూరుతుంది. రెండు వేళ్లు ఊపి "వదులు" అని చూపించాను. మసి జతలో స్లైడ్లు నిటారుగా జారాయి. డబ్బాలోని పాతవాటి పక్కన పెడితే నంబరూ కలిసింది, కుడి ఎడమలూ కలిశాయి.

"పోరి సదువుకున్నదిరా, ఇగ నా దందా బంద్" అని కాక నెత్తి కొట్టుకున్నాడు. మసి జత, అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్లతో కలిపి రెండు వేల ఎనిమిది వందలు. "పెట్టినంక వాపస్ లేదు. జర సోంచాయించుకో." ఇక ఆలోచించుకునేదేమీ లేదు, డబ్బులిచ్చేశాను.

ఒంటిగంటకు ఇల్లు చేరాం. పెట్రోలులో కడిగి బిగించేసరికి నాలుగయింది. తొమ్మిదో కిక్కుకు బండి లేచింది, కానీ కుంటుతూ. రెండు కార్బురేటర్లనూ సమం చెయ్యాలి. బాపు వంగి ఇంజను దగ్గర చెవి పెట్టాడు, లేచాడు, మళ్లీ వంగాడు.

"ఇనస్తలేదు బిడ్డా" అన్నాడు చివరికి. "కార్బురేటర్లు అరిగినయి, నిజమే. గని ఏడాది సంది ఇంజన్ సప్పుడే తెలుస్తలేదు. గందుకే తీసేద్దామన్న."

నేను బండి వెనక్కి వెళ్లి, రెండు సైలెన్సర్లకు జానెడు దూరంలో చెరో అరచెయ్యి పెట్టాను. కుడి చేతిని గాలి గట్టిగా తోస్తోంది, ఎడమ చేతిని మెల్లగా. బాపు చేతులు పట్టుకుని అక్కడే పెట్టాను. నడుస్తున్న లూమ్ మీద చెయ్యి వేసి ఏ భాగం తేడాగా ఉందో చెప్పే చేతులవి. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను ఎడమ స్క్రూ తిప్పాను. కొంచెం, అని తల ఊపాడు. ఇంకొంచెం. తర్వాత రెండు వేళ్లు జత చేసి చూపించాడు: సమానం.

సరిగ్గా అప్పుడే ఇనుము అతను తోపుడు బండితో వచ్చి గల్లీ మొదట్లోంచి కేక వేశాడు. బాపుకు వినబడలేదు. ఇంజను చప్పుడు మీదుగా నేనే అరిచాను, "ఇవ్వం! బండి నడుస్తోంది!" గల్లీ అంతా తిరిగి చూసింది. నా గొంతు అంత దూరం పోతుందని నాకూ తెలియదు.

బాపు సీటు తుడిచాడు. "ఎనక కూసో. ఆరన్ ఇనవడితే భుజం మీద కొట్టు." ఆ సాయంత్రం పర్వత్ పాటియా దాకా వెళ్లొచ్చాం. కుడి నుంచి హారన్ వస్తే కుడి భుజం, ఎడమ నుంచి వస్తే ఎడమ భుజం. కార్బురేటర్లు మార్చితే బండి బాగవుతుందనుకున్నాను, అది సగమే నిజం. మిగతా సగం వెనక సీటులో ఉంది. ఇప్పుడు ప్రతి శనివారం ఆల్థాన్ నుంచి వస్తున్నాను.

పాత కార్బురేటర్ల కోసం బయల్దేరేవాళ్లకు ఒకటే మాట. నంబరు రాసుకుని వెళ్లకండి, మీ పాత జతనే విప్పి డబ్బాలో పెట్టుకుని వెళ్లండి.