మిద్దె మీద పడవ

పై ఇంట్లో బాడుగకుండే ఆలుమగలు, అనంతపురం వైపు నుంచి వచ్చి ఈడ కంపెనీలో పని చేసుకునే చిన్నవాళ్ళు, మొన్న వడియాలకని మిద్దె మీద పాత పంచె పరుస్తుంటే గాలొచ్చి అది ఒక్కసారిగా ఉబ్బింది. ఎగిరిపోకుండా నేనొక కొస పట్టుకున్నాను. బట్ట చేతిని లాగుతావుంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చినాయి, ఆ పిల్ల పాపం దుమ్ము పడిందనుకొని ఊదబోయింది. మా ఈడు వాళ్ళు మీరైతే నవ్వకుండా వింటారని చెబుతున్నాను, మేము ఒకప్పుడు ఇల్లూ వాకిలీ వదిలేసి తెరచాప పడవలో కాపురం పెట్టాలని తయారైనవాళ్ళం.

మా హోసూరుకి సముద్రమెక్కడిదని అడుగుతారు. మా ఆయన్ని ఫ్యాక్టరీ వాళ్ళు పని మీద కొచ్చిన్ పంపినప్పుడు, ఆడ పడవలోనే బతుకుతున్న ఒక పెద్దాయనతో స్నేహమైంది. ఈయన రిటైరైన ఏడాది ఆ పెద్దాయన, నాకిక చేతకాదు, మీరొచ్చి ఉండేటట్లయితే పడవ మీకే ఇస్తానని కబురు పెట్టినాడు. ఇక మా ఆయన కాళ్ళు నేల మీద నిలిస్తే కదా. నేను మొదట వేళాకోళం అనుకున్నాను, తర్వాత కోప్పడినాను, ఆ తర్వాత ఎందుకో ఒప్పుకున్నాను.

అంత చిన్నచోట ఉండగలమో లేదో ముందే చూసుకుందామని ఆయన కొలతలు తెప్పించి, పడవను మిద్దె మీద గీయమన్నారు. సుద్దముక్క ఇచ్చినారు గానీ నా చేయి తిరిగేది పిండితోనే, కాబట్టి బియ్యప్పిండితో ముగ్గేసినట్టే వేసినాను, ముందర కోసుగా, నడుమ పడక, పక్కన పొయ్యి, వెనక చుక్కాని. గీత తెగిన ముగ్గు వేయడం మా ఇంట్లో లేదు, అందుకని తలుపుచోటు కూడా మూసేస్తే, ఆయన పంచె ఎగగట్టి పడవలోకి దూకేవారు. సాయంకాలాలు ఆ గీతల మధ్యనే స్టవ్వు పెట్టి ఉప్మా చేసి, ఆడనే తిని, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా మసలడం నేర్చుకున్నాము. కాలు గీత దాటితే నీళ్ళలో పడినట్టే లెక్క, అంత వయసులో ఎంత నవ్వుకున్నామో చెప్పలేను. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నాతో అంతసేపు కూర్చున్నది లేదు, షిఫ్టులకే సరిపోయింది.

చీమలూ ఉడతలూ పిండి తినిపోతాయి కాబట్టి రోజూ తెల్లారి మళ్ళీ వేసేదాన్ని. ముగ్గుకి కొలతబద్ద ఎవరు పట్టినారు? పడక కొంచెం వెడల్పు, పొయ్యి పక్కన ఊరగాయ జాడీలకి కొంచెం చోటు, ఇట్లా మా పడవ రోజురోజుకీ పెరుగుతా పోయింది, ఇద్దరికీ తెలియనే లేదు.

ఇంకోపక్క ఇల్లు ఖాళీ అవుతావచ్చింది. రుబ్బురోలు చెల్లెలికి, ఇత్తడి అండాలు ఆడబిడ్డకి ఇచ్చేసినాము. వేప్పనపల్లి దగ్గర మామిడితోట చూసుకునే మా తమ్ముడు ఊరగాయకని కాయలు తెచ్చి, "ఆడ వాకిలి యాడుంటుంది, ముగ్గు యాడేస్తావక్కా?" అని ఎగతాళి చేసినాడు, పోయేటప్పుడు మాత్రం నా చేయి వదల్లేదు. బీరువా తీసేసిన గోడ దగ్గర నిలబడితే నాకు దిగులు రాలేదు, ఒళ్ళు తేలికైనట్టుండింది.

జాడీలతో సహా కొచ్చిన్ పోయినాము. చూస్తే అసలు పడవ మా ముగ్గులో సగం లేదు. పడక మీద ఒకరు పక్కకి తిరగాలంటే ఇంకొకరు లేవాలి, జాడీలు పెట్టేదానికి చోటే లేదు. ఆయనకి పైకప్పు తలకి కొట్టుకుంది, కట్టేసిన పడవలోనే కడుపులో తిప్పి, గట్టు మీదికి పోయి కూర్చున్నారు. నేనొక్కదాన్నే లోపల పడుకున్నాను. వీపు కింద నీళ్ళు మెల్లగా ఎత్తి దించుతావుంటే, పుట్టి బుద్ధెరిగినాక అంత సుఖం నేనెరగను. చోటు చాలకపోతే జాడీలు వదిలేస్తాము, ఇక్కడే ఉండిపోదామని ఆయనతో చెప్పాలని లేచేసరికి, మనకి పడదులే, దిగిరా అని ఆయనే పిలిచినారు. నేను దిగినాను.

హోసూరు చేరినాక అడిగిన వాళ్ళందరికీ, మా ఇంటామెకి నీళ్ళంటే భయం, అందుకే మానుకున్నాను అని చెప్పుకున్నారు. నలుగురిలో ఆయన్ని తక్కువ చేయడమెందుకని ఊరుకున్నాను గానీ, నాకు ఒళ్ళు మండిపోయింది. ఈరోజుకీ చుట్టాల ఇండ్లలో నేను పిరికిదాన్నే.

ఇప్పుడు మా చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, మిద్దె మీద నుంచి కొండ గుడి దీపం కూడా కనబడదు. ఇల్లు మళ్ళీ సామాన్లతో నిండింది. ఆయన టీవీ ముందర, నేను వంటింట్లో, రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనే పడదు. పెద్ద వాన పట్టినప్పుడల్లా, ఆ పడవలో ఉండుంటే ఏమైపోయేవాళ్ళమో, పోకపోవడమే మంచిదైంది అంటారు, నేను అవునంటాను. ఆశ ఆయనది, నాకు అంటించి తాను మాత్రం కోలుకున్నారు. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, సిగ్గు విడిచి చెబుతున్నాను, పోదామా అని ఆయన ఒక్కమాట అడిగితే, పొయ్యి మీద ఉన్నది దించేసి బయలుదేరతాను.