అరుగుకు అల్లంత దూరం

సూర్యాపేటలో ఎవరి కారు ఎక్కినా ఇంటి ముందు దిగుతాం. మా పర్వతాలు బావ కారు ఎక్కితే మాత్రం ఇల్లు కనబడే చోట దిగుతాం. కారును ఏ అరుగు దగ్గరికీ పోనివ్వకపోవడం ఆయన వ్రతం. అరుగు రాయి తగిలితే చక్రాల మీది మెరుపు కప్పులకు గీత పడుతుందని భయం. పులి ఉందంటే ఆ దారిన పోతాడేమో గాని, ఎత్తరుగు ఉందంటే ఆ గల్లీలోకే తిరగడు.

బావ అంటే మా అనసూయక్క పెనిమిటి. గంజ్‌లో ధాన్యం వ్యాపారం. డెబ్బై ఒకటిలోనో రెండులోనో, హైదరాబాదులో ఎవరో డాక్టరు వాడి వాడి విసిగిపోయిన అంబాసిడర్ కొన్నాడు. ఇంజను దగ్గేది. హారను ఒకసారి మోగితే ఆగేది కాదు. వెనుక తలుపు తాడుతో కట్టి ఉండేది. వాటి సంగతి బావకు పట్టదు. ఆ నాలుగు కప్పులు మాత్రం అద్దాల్లా ఉండాలి. కారు ఆగగానే తనొక్కడే దిగి, ఒక్కో చక్రం దగ్గర గొంతుకూర్చుని, దస్తీతో తుడిచి, అందులో తన మీసం తీరుగా కనబడేదాకా మమ్మల్ని దిగనిచ్చేవాడు కాదు.

"ఏమయ్యా, లోపల ఉడికి సస్తున్నం!" అని అక్క అరిచేది.

"ఉండవే. వెనుక దాంట్ల మీసం జర వంకరున్నది."

"నీ మీసమే వంకర! కప్పేం జేస్తది?"

చివ్వెంల దారి అప్పట్లో కంకర తేలి ఉండేది. ఆ దారి పట్టే ముందు బావ కారు ఆపి, కప్పులు ఊడదీసి, తువ్వాలల్లో చుట్టి మా ఒళ్లో పెట్టేవాడు. ఊరు కనబడగానే మళ్లీ బిగించి, అప్పుడు దర్జాగా లోపలికి.

"మా శ్యామల కడుపుల ఉన్నప్పుడు గూడ ఇంత భద్రంగ కూసోలే" అనేది అక్క.

"శ్యామల కింద పడితే తనే ఏడుస్తది. కప్పు కింద పడితే నేను ఏడ్వాలె. నన్ను ఊకోబెట్టుడు నీతోని అయితదా?"

అక్క ఆలోచించి, తువ్వాల ఇంకాస్త గట్టిగా పట్టుకునేది.

కోదాడ పెళ్లి సంగతి చెప్పకపోతే బావ గురించి చెప్పినట్టే కాదు. మా చుట్టాల పిల్లవాడు పెళ్లికొడుకు. బావ కారులోనే అతణ్ని ఎక్కించుకుని పెళ్లికూతురి ఇంటికి పోయాం. కారు వీధి మొదట్లోనే ఆగింది. పందిరి ఎక్కడో వీధి చివర. మేళగాళ్లకు పందిరి దగ్గర వాయించాలో, కారు దగ్గర వాయించాలో తెలియక, నడిమధ్య నిలబడి వాయించారు. పెళ్లికూతురి మేనమామ రాధాకృష్ణ గారు కండువా సర్దుకుంటూ ఉరికొచ్చాడు.

"ఏమండీ, కారు ఇంకాస్త ముందుకొస్తుందాండీ?"

"కారు వస్తదండి. మీ అరుగు జర వెనక్కి పోతదా?"

ఆయన వెనక్కి తిరిగి అరుగు వైపు చూశాడు. పెళ్లికొడుకు బాసికంతో సహా నడిచాడు. ఈలోగా ఒక ముత్తైదువ దిష్టి తీసి, కొబ్బరికాయ కొట్టడానికి గట్టి చోటు వెతికి, ముందు చక్రం వైపు చెయ్యెత్తింది. బావ ఒక్క దూకు దూకి తల అడ్డం పెట్టాడు.

"అమ్మా! కొడితే నా తల మీద కొట్టు. దాని మీద మాత్రం వద్దు!"

ఆమె ఆ రెండింటినీ మార్చి మార్చి చూసి, కాయను నేలకేసి కొట్టింది. పెళ్లికొడుకు పేరు కోదాడలో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. "తల పెట్టినాయన బాగున్నారా?" అని మాత్రం అడుగుతుంటారు.

ఇక దేవదాసు. పాత బస్టాండు వెనుక రేకుల షెడ్డులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు, సొట్టలు తీసేవాడు. ఆయన చేతిలో పడితే మూలనపడ్డ గంగాళానికి కూడా పెళ్లికళ వచ్చేది. అయితే ఇంటింటికీ స్టీలు గిన్నెలు వచ్చేశాయి. ఆడవాళ్లు ఇత్తడి సామాను అమ్మి స్టీలు కొనుక్కున్నారు. దేవదాసు కొలిమిలో బొగ్గు రాజుకోని రోజులు ఎక్కువైనాయి. జాలిపడి అక్క బియ్యం పంపిస్తే, ఆయన కుంటుకుంటూ వచ్చి తిరిగి ఇచ్చేశాడు.

"అమ్మా, గిన్నె పంపితే కళాయి పెట్టి ఇద్దును. బియ్యానికి నేనేం పని జెయ్యాలె?"

కొలిమికి గాలి ఊదే తిత్తి అమ్మేసి, సాగర్ కాలువ పనిలో మట్టి మొయ్యడానికి పోతానని కూడా చెప్పాడు. ఆయన మోకాలు కూర్చుంటే లేవదు, లేస్తే కూర్చోదు. ఆ మోకాలితో మట్టి మోయడమేమిటని అక్క కళ్లొత్తుకుంది. బావ బయటికి పోయి కప్పులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మనిషికి గుండె లేదని అక్క ఆ పూటంతా సణిగింది.

ఆ తరువాత బావ పిచ్చి ముదిరింది. ఎంత కాపలా కాసినా కప్పులకు సొట్టలు పడుతున్నాయని గోల. "ఏ బర్రె తన్నిందో! ఏ బండోడు రాసిండో!" అని గంజ్ అంతా వినబడేలా అరిచి, సొట్టపడ్డ కప్పు చంకన పెట్టుకుని దేవదాసు షెడ్డుకు ఉరికేవాడు. దేవదాసు దాన్ని వెనుకనుంచి చెక్క సుత్తితో తట్టి తట్టి, చింతపండుతో తోమి ఇస్తే కొత్తదానికంటే మెరిసేది.

అంతటితో ఆగితే బాగుండు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కార్ల మీద కూడా పడ్డాడు. మిర్యాలగూడలో మిల్లు యజమాని వీరయ్య సేటు కొత్త కారు, మిల్లు గట్టును రాసీ రాసీ కప్పులు గీతలమయం. బావ నమస్తే కూడా పెట్టకుండా, హమాలీలందరి ముందు చక్రం చూపించాడు.

"ఏం సేటూ, పట్టుధోవతి కట్టి తెగిన చెప్పులేస్కున్నట్టున్నది!"

హమాలీలు నవ్వారు. సేటు మొహం మాడిపోయింది. నేను బావను వెనక్కి గుంజుతున్నా, ఆయన నోరు ఆగలేదు.

"మా దేవదాసుకు పంపు. నీ మొఖం గూడ మెరుస్తది."

మర్నాటికల్లా సేటు కప్పులు సూర్యాపేటకు వచ్చేశాయి. అవి మెరిసేసరికి పక్క మిల్లువాళ్లవి వచ్చాయి. కోదాడ నుంచి ఒక కాంట్రాక్టరు తన జీపు చక్రాల అంచులు కూడా సరిచేయించుకుపోయాడు. మా బావ నోటి దురుసు వల్ల ఎన్ని స్నేహాలు పోతాయోనని నేను మాత్రం తల పట్టుకుని కూర్చున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం బడిలో పాఠాలు చెప్పి వస్తూ, గంజ్‌లో బావ గోదాం వెనుక టక్ టక్ చప్పుడు విని తొంగి చూశాను. బావ! అరుగు రాయి మీద కప్పు బోర్లించి, కళ్లు గట్టిగా మూసుకుని, పచ్చడిబండతో కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా "అయ్యో, అయ్యో" అని తనే మూలుగుతున్నాడు.

"ఏంది బావా ఇది?"

"మెల్లగ, బామ్మర్దీ! పచ్చడిబండ తెచ్చినట్టు మీ అక్కకు ఎరుక లేదు."

"బర్రె తన్నింది అంటివి?"

బావ కప్పును ఒళ్లోకి తీసుకుని నిమిరాడు. "ఊకెనే ఇస్తే దేవదాసు తీస్కుంటడా? నా కప్పులేమో నాల్గే. అవి ఎన్ని దెబ్బలని తింటయ్? అందుకే సేటు మీద పడ్డ. ఇప్పుడు తిత్తి అమ్మనంటున్నడు. ఈ వారం ఎవల కప్పులూ రాలే, పని లేకపోతే మళ్ల సాగర్ మాటెత్తుతడు. ఇగ... నా చేతులు వస్తలేవు. కన్నబిడ్డను కొట్టినట్టున్నది. జర నువ్వు కొడ్తవా?"

నా గుండె ఉప్పొంగిపోయింది. ఆ ఊపులో పచ్చడిబండ అందుకుని ఒకటి వేశాను. కప్పు అప్పడంలా అణిగిపోయింది.

"సచ్చినోడా!" బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "సొట్ట పెట్టమంటే సంపేసినవ్ గదరా!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. మెల్లగా మీసం కింద నవ్వు కదిలింది.

"బామ్మర్దీ, దీనికి శానా దినాలు పడతది గదా?"

"శానా పడతది బావా."

ఇద్దరం షెడ్డుకు పోయాం. దేవదాసు కప్పును చూసి కెవ్వుమన్నాడు. "ఏమైంది పర్వతాలు సేటూ?"

"ఏం జెప్పాలె దేవదాసూ! మా బామ్మర్ది కారు నడుపుతనని తీస్కపోయి అరుగుకు గుద్దిండు" అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

నాకు కారు నడపడం రాదు. కనీసం దాని తలుపు తాడు విప్పడం కూడా రాదు. సాయంత్రానికల్లా ఆ వార్త పెన్‌పహాడ్ దాకా పోయింది. ఇన్నేళ్లయినా, నేను ముందు సీట్లో కూర్చుంటే వెనుక ఉన్నవాళ్లు దిగిపోతారు. ఆ పేరు మోయడం నాకు గర్వమే.

దేవదాసు తిత్తి దగ్గర కూర్చుని, బొగ్గు రాజేస్తూ, నన్ను జాలిగా చూశాడు.

"సారూ, ఇగ మీదనన్న సూస్కోని నడుపుండ్రి."

"ఎక్కడ దేవదాసూ," అన్నాను, "వచ్చే వారం గూడ గుద్దేటట్టే ఉన్న."