కరెంటు తీగల కింద ఎర్ర నేల

ఏప్రిల్ మొదటి వారంలో కర్నూలు స్టేషన్లో దిగాం. అక్కడి నుంచి లారీలో దక్షిణానికి గంటన్నర. ఎర్ర గుట్ట, దాని కింద తుమ్మ చెట్లు, ఆ పక్కన ఒక పల్లె. ఉదయం తొమ్మిదికే డేరా కమ్మీలు చేత్తో ముట్టుకోలేకపోయాం.

ఆ నేల ఒకప్పుడు ఫిరంగుల సాధనకు వాడినది. పేలని గుండ్లు కొన్ని మట్టిలో ఉండిపోయాయి. నేను ఇంజనీర్ల దళంలో హవల్దారుని. నేలలోని లోహాన్ని పసిగట్టే మిషను, డిటెక్టర్ పట్టడం నా పని. మాకిచ్చిన హుకుం చిన్నది. పల్లె నుంచి గుట్ట అవతల ఉన్న సమాధుల తోట దాకా రెండు మీటర్ల వెడల్పున దారి శుభ్రం చేయాలి.

మిషను అరిస్తే బాంబు ఉన్నట్టు, అరవకపోతే లేనట్టు, అంతే కదా అని మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతుంటారు. అంతే అయితే అది వారం రోజుల పని.

మొదటి రోజే మేం హద్దుగా కట్టిన తెల్ల టేపు దగ్గరికి యేసురత్నం వచ్చాడు. అరవై దాటిన రైతు. కుడి చెయ్యి మణికట్టు దాకానే ఉంది. మేకల వెంట పోయి, మట్టిలో మెరిసిన ముక్కను ఎత్తుకున్నాడట. ఆ తర్వాతే దారి మూసేశారు. అప్పటి నుంచి ఎవరు చనిపోయినా శవాన్ని గుట్ట చుట్టూ తిప్పి మోసుకుపోతున్నారు.

"యా ఊరప్పా నీది?"

"మైదుకూరు, పెద్దాయనా."

"అట్లనా. మనోడివే. ఈ మన్నంతా ఇనుపరాయి గదా, మీ మిషను దేన్ని జూసి అరుస్తాది?"

సరైన ప్రశ్న. నాకు తెలిసినంత చెప్పాను. మిషను కింద ఉన్న తీగ చుట్ట ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలను నేలలోకి పంపుతుంది. లోహం తిరిగి బదులిస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో తీరుగా ఉంటుంది. ఇనుపరాతి మట్టీ బదులిస్తుంది, కానీ వెంటనే, అన్నిటికీ ఇంచుమించు ఒకేలా. మిషను ఈ బదుళ్లన్నీ పోల్చి చూసి, మట్టి వంతు తీసేసి, మిగిలింది మన చెవిలో వేస్తుంది. చిన్న మేకు పై ఫ్రీక్వెన్సీల్లో బాగా పలుకుతుంది. లోతున పడ్డ పెద్ద గుండు కింది వాటిలో పలుకుతుంది.

"మన్ను మాట ఇడిసిపెట్టి ఇనాల," అన్నాడాయన. "ఈ దావ తెరిస్తే మా నాయన సమాధికాడికి పోయొస్తా. శానా దినాలాయ."

ఐదున్నరకు మొదలుపెట్టి పదికి ఆపేవాళ్లం. ఛాతీకి కవచం, ముఖానికి మందపాటి అద్దం. అడుగు జరిగి చుట్ట ఊపడం, పలికిన చోట మోకాళ్ల మీద కూర్చుని పక్క నుంచి తవ్వడం. గుండ్ల పెంకులు దొరికాయి, ఎద్దు నాడాలు దొరికాయి, విరిగిన కొడవలి ఒకటి. యేసురత్నం రోజూ వచ్చి టేపు అవతల తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు.

మూడు వంతుల దారి అయ్యాక పెద్ద కరెంటు లైను వచ్చింది. తీగల కిందికి పోగానే చెవుల్లో ఒకటే గోల. ఇలాంటి చోట మిషను కాసేపు పంపడం మాని ఊరికే వింటుంది, గోల తక్కువున్న ఫ్రీక్వెన్సీలకు జరుగుతుంది. ఇక్కడ అదీ చాలలేదు. పక్కనున్న సిపాయి చేత రేడియో ఆపించాను. మార్పు లేదు. చివరికి మిషను వినికిడి పదును తగ్గించి చూశాను. అంతా నిశ్శబ్దం.

"ఇప్పుడు బాగుంది కదా సాబ్?" అన్నాడు సిపాయి.

మా పై అధికారి సుబేదార్ ఒక ఇనుప ముక్క తెచ్చి, శుభ్రం చేసిన నేలలో మూరెడు లోతున పాతించాడు. తీగల కిందే. దాని మీద చుట్ట ఊపాను. మిషను పలకలేదు.

"టేపు తీయొద్దు," అన్నాడాయన హిందీలో. "కరెంటు ఆపాలని రాస్తాను. అప్పటిదాకా ఈ నేల ముక్క మనది కాదు."

జవాబు రాలేదు. ఆలోగా తీగల అవతలి దారంతా శుభ్రం చేశాం. రోజులు గడిచాయి. యేసురత్నం టేపు దగ్గరికి రావడం మానేశాడు. ఒక మధ్యాహ్నం ఆయన భార్య మార్తమ్మ వచ్చింది.

"మా ఇంటాయన పొద్దున పోయినాడప్పా. వాళ్ల నాయన పక్కనే పెట్టమన్నాడు. ఈ దావన పోనిస్తారా?"

నేను హిందీలో చెప్పకముందే సుబేదార్‌కు అర్థమైంది. కుదరదని తల ఊపాడు.

"ఆడ మిషను అరవలేదంట గదా?"

"అరవలేదు పెద్దమ్మా. ఆడ దానికి ఏమీ ఇనపడదు. అందుకే అరవలేదు."

ఆమె తీగల వైపు చూసింది. "రేపటిదాకా పెట్టుకుంటాం. ఆమీన చుట్టూ తిప్పుకొని పోతాం," అని వెళ్లిపోయింది.

సుబేదార్ ఆ సాయంత్రమంతా ఫోను వదల్లేదు. పొద్దున ఆరు నుంచి లైను ఆపుతామని చీకటి పడేవేళకు మాట వచ్చింది.

ఆరింటికి తీగల రొద ఆగింది. మిషను పదును పూర్తిగా పెంచాను. చెవుల్లో గోల లేదు. పది అడుగులు పోయాక సన్నగా, లోతుగా ఒక మోత. అడ్డంగా ఊపాను, నిలువుగా ఊపాను. ఉత్త గోల అయితే చోటు మారుస్తుంది. ఇది మారలేదు. మిషను తెర మీద కింది ఫ్రీక్వెన్సీలు మాత్రమే లేచాయి. పక్క నుంచి వేళ్లతో మట్టి తీశాను. తుప్పు పట్టిన గుండ్రటి అంచు తగిలింది. పాత కాలిబాటకు సరిగ్గా నడుమ.

"సాబ్, గుండు."

"వెనక్కి రా. తొందరేం లేదు."

పల్లెవాళ్లను చర్చి ఆవరణలో కూర్చోబెట్టాం. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి అక్కడే పేల్చేశాం. గుంట పూడ్చి, పెంకులు ఏరి, ఆ ముక్కంతా మొదటి నుంచి మళ్లీ విన్నాను. లైను వాళ్లు కరెంటు ఇవ్వకుండా ఇంకాసేపు ఆగారు. చివరికి సుబేదార్ తానే టేపు చుట్టాడు.

సాయంత్రం శవపెట్టె వచ్చింది. మార్తమ్మ నా దగ్గర ఆగింది.

"ముందర నడుస్తావా అప్పా?"

సుబేదార్ వైపు చూశాను. "కవచం విప్పి రా," అన్నాడు. తానూ విప్పాడు. ఇద్దరం పక్కపక్కన నడిచాం. వెనక పాట సన్నగా సాగింది. తీగల కింద మాత్రం ఎవరూ పాడలేదు. యేసురత్నాన్ని తండ్రి పక్కనే దించారు.

మే నెలలో మమ్మల్ని వెనక్కి పిలిచారు. తర్వాత సర్వీసు ముగించుకుని మైదుకూరు చేరాను. ఈలోగా మంచు కొండల మీదా పనిచేశాను. కానీ కళ్లు మూస్తే కనిపించేది ఆ సాయంత్రం తిరిగి వస్తూ చూసిన నేల. రెండు మీటర్ల దారి. ఎర్ర దుమ్ములో మా ఇద్దరి బూట్ల గుర్తులు రెండు వరుసలు. ప్రతి గుర్తులోనూ ఒట్టి కాళ్ల గుర్తులు, ఒకదాని మీద ఒకటి, ఊరంతటివీ. వాటి పక్కన నేల మీద ఒక్క అడుగైనా లేదు.