కొంగ అచ్చు

గ్లఫీరా పిండి పిసుకుతుంటే బల్ల కిర్రుమంటుంది. తాత చెక్కిన బేరిచెక్క అచ్చులో ముద్దను అదిమి తీస్తే, తేనె రొట్టె మీద రెక్క విప్పిన కొంగ తేలుతుంది. అది జార్ చక్రవర్తుల కాలం నాటి జిల్లా ముద్ర. ఆ ముద్ర వేసిన కాగితంతోనే ఆమె మొగుణ్ణి యుద్ధానికి పట్టుకుపోయారు. అయినా కొంగ ఊరిదే అంటుందామె. పెద్ద రొట్టెలు పెళ్ళిళ్ళకు. అరచేతిలో పట్టే చిన్నవి విందు చివరికి. అవి చేతిలో పెట్టారంటే అతిథులు ఇక లేచి ఇళ్ళకు వెళ్ళాలన్నమాట.

జిల్లా రద్దయి ఏడాదైంది. కచేరీ గుమ్మం మీది కొంగను ఉలితో చెక్కి తీసేశారు. మొన్న కొత్త ప్రభుత్వం తరఫున, ఆమె కళ్ళముందే పెరిగిన కొండ్రాత్ దుకాణానికి వచ్చాడు.

"అత్తా, ఆ అచ్చు ఇలా ఇచ్చెయ్. తగలబెట్టమన్నారు. పాత జిల్లా ఇక లేదు."

"లేనిదానికి అంత భయమెందుకురా మీకు?"

"ఇవ్వకపోతే జైల్లో పెడతారత్తా!"

ఆమె పళ్ళెంలోంచి ఒక చిన్న రొట్టె ఏరి, అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. రొట్టెలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. కొండ్రాత్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీ పైవాళ్ళనీ పంపించు," అంది గ్లఫీరా, మళ్ళీ పిండి అందుకుంటూ. "చిన్నవి బోలెడు చేశా."