ఎటెళ్తున్నావంటే చెప్పే మనిషి

తెనాలిలో అన్సార్ ఇల్లెక్కడని అడిగితే ఏ అన్సారని ఎదురు ప్రశ్న వేస్తారు. నీళ్ళ సీసాల అన్సార్ అంటే ఇంటిదాకా తీసుకెళ్ళి దింపుతారు. పొల్యూషన్ ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. అటు బాపట్ల, ఇటు రేపల్లె దాకా ఏ ఫ్యాక్టరీ గొట్టంలోంచి ఏ రంగు నీళ్ళు వస్తాయో అతనికి కంఠతా వచ్చు. గొట్టం కింద సీసా పట్టాలి, ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి నాలుగోసారి నింపాలి, చీటీ అంటించి లక్క సీలు వేసి ఐసు పెట్టెలో పెట్టాలి. ఇంట్లో మంచినీళ్ళ బిందె కూడా మూడుసార్లు తొలిస్తే గానీ పట్టడని భార్య గౌసియా ఊరంతా చెప్పి నవ్వుతుంది.

అతనిలో మితిమీరింది ఒక్కటే, మర్యాద. ఎటెళ్తున్నావని ఎవరడిగినా ఊరిపేరుతో సహా చెప్తాడు. మా వైపు అంతే మరి. అడిగినవాడికి 'ఇక్కడికే' అని దాటేస్తే వీడికి పొగరెక్కిందనుకుంటారు.

2006లో రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఆఫీసులో అందరికీ కునుకు లేకుండా చేసింది. వడ్లు నానబెట్టిన నీళ్ళను శుద్ధి చేసి తన తోటకే పెట్టుకోవాలనీ, మురుగు కాలవలోకి చుక్క కూడా వదలకూడదనీ ఆ మిల్లు అనుమతి పత్రంలో ఉంది. దిగువన యలమంద అనే రైతు మాత్రం కాలవలో చేపలు తేలుతున్నాయనీ, గేదెలు ఆ నీళ్ళలో మూతి పెట్టడం లేదనీ అర్జీ మీద అర్జీ పెట్టాడు. ఇంజనీరు జయలక్ష్మి గారు జీపు వేసుకుని నాలుగుసార్లు వెళ్ళింది. నాలుగుసార్లూ గొట్టం ఎండిపోయి ఉంది. మిల్లు మేనేజరు ప్రకాశరావు గేటు దాకా ఎదురొచ్చి అందరికీ మజ్జిగ ఇచ్చాడు. ఆ మజ్జిగ గ్లాసు చూస్తే అన్సార్‌కు ఒళ్ళు మండేది.

కబురు ముందే వెళ్తోందని తెలుస్తూనే ఉంది. గుంటూరు నుంచి జీపు వచ్చి తెనాలిలో అన్సార్‌ను ఎక్కించుకున్నాకే ఆమె ఊరిపేరు చెప్పేది. వినేది ఇద్దరే, అన్సారూ, డ్రైవరు సుబ్బారావూ. అన్సార్ బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి ఆమె చెవిలో ఓ మాట వేశాడు. "సుబ్బారావు బాబాయి కొత్తగా సెల్లు కొన్నాడండి."

ఆ ఒక్క మాట చాలింది. సుబ్బారావును పని నుంచి తీసెయ్యమని ఆమె ఉత్తరం టైపు చేయించి ఫైల్లో పెట్టింది. ఐదోసారి కూడా గొట్టం ఎండి ఉంటే ఆ సాయంత్రమే పోస్టు చేస్తానని అతని మొహానే చెప్పింది. యాభై ఆరేళ్ళ మనిషి "అట్టాగేనండి" అని ఊరుకున్నాడు. ఆ వయసులో ఇంకో జీపు ఎవరిస్తారు?

ఐదోసారి రానే వచ్చింది. "ఇవాళ మళ్ళీ నగరమే" అంది జయలక్ష్మి. ఎప్పటిలాగే జీపు ఐసు ఫ్యాక్టరీ ముందు ఆగింది. నీళ్ళ సీసాలు చల్లగా ల్యాబుకు చేరకపోతే పరీక్షే చెల్లదు, అందుకని ముందు ఐసు నింపుకోవాల్సిందే. అక్కడి గుమాస్తా బసవేశ్వరరావు ఎప్పటిలాగే పలకరించాడు. "ఏంటి తమ్ముడూ, ఇవాళ ఎటు ప్రయాణం?"

"నగరం వైపన్నా" అన్నాడు అన్సార్. పెట్టె తెచ్చి జీపులో పెట్టాక, మూత లోపలే మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తాడు. గుమ్మం దగ్గరే కాళ్ళు నిలబడిపోయాయి.

"హలో, ప్రకాశరావా? జీపు మీవైపే వస్తంది. గొట్టం కట్టేసుకో" అంటున్నాడు బసవేశ్వరరావు ఫోన్లో.

అన్సార్ నెత్తిన పిడుగు పడినట్టయింది. ఆ నాలుగుసార్లూ ఐసు ఇక్కడే కొన్నాడు. నాలుగుసార్లూ ఎటని అడిగితే చెప్పాడు. దొంగ కోసం జీపంతా వెతికినవాడు తనను తాను తడుముకోలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ వెనకే కోపం, కోపం వెనకే ఒక ఆలోచన తన్నుకొచ్చాయి. గట్టిగా దగ్గి లోపలికెళ్ళి మూత తీసుకుంటూ, పుట్టి బుద్ధెరిగాక మొదటి అబద్ధం ఆడాడు.

"మేడం ప్లాన్ మార్చేశారన్నా. బాపట్ల పోతన్నాం."

జీపెక్కబోతూ వెనక్కి చూశాడు. బసవేశ్వరరావు మళ్ళీ ఫోను తిప్పుతున్నాడు. అన్సార్ గుండె ఎగిరి గంతేసింది.

"మేడం, కబురెళ్ళిపోయిందండి. ఎట్టాగన్నది తర్వాత చెప్తాను. ముందు బాపట్ల రోడ్డెక్కుదాం, చెరుకుపల్లి మీంచి చుట్టు తిరిగి నగరం పోదాం" అన్నాడు ఆయాసపడుతూ. ఆమె అతని మొహంలోకి చూసి, "పోనివ్వండి" అంది.

సుబ్బారావు జీపును పోనిచ్చిన తీరు ఇప్పటికీ చెప్పుకోవాలి. చుండూరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. రోడ్డు మీద ఆరబోసిన మినుములు తప్పించి, ఎడ్లబండిని తప్పించి, ఒక్క గుంటనూ వదలకుండా తోలాడు. వెనక సీసాలు గలగలమంటుంటే అన్సార్ ఐసు పెట్టెను రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. మిల్లుకు రెండు ఫర్లాంగుల ముందే జీపు దిగి, కాలవ గట్టు మీద పరిగెత్తాడు. వెనకే జయలక్ష్మీ, సుబ్బారావూ వచ్చారు.

ముందు కంపు తగిలింది, పులిసిపోయిన కుడితి కంపు. అన్సార్‌కు ఆ పూట అదే అత్తరు. గొట్టం నోరారా కక్కుతోంది, పసుపుపచ్చని నీళ్ళు నురగలతో కాలవలోకి దూకుతున్నాయి. చెప్పులు విప్పకుండానే మోకాళ్ళ లోతు దిగి సీసా పట్టాడు. అంత తొందరలోనూ లెక్క తప్పలేదు. మూడుసార్లు తొలిచాడు, నాలుగోసారి నింపాడు.

ప్రకాశరావు లుంగీ ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. జయలక్ష్మిని చూసి గుటక మింగి, "అదేంటి మేడం, మీరు బాపట్ల కదండీ వెళ్ళింది" అనేశాడు. నాలిక కరుచుకున్నాడు గానీ మాట దాటిపోయింది.

"ఎవరు చెప్పారండీ?" అంది ఆమె. ప్రకాశరావు లుంగీ ఎగ్గట్టుకుంటూ చూపు తిప్పుకున్నాడు. ఆమె నెమ్మదిగా తల తిప్పి, గట్టు మీద నిలబడ్డ సుబ్బారావును చూసింది. "బాపట్ల రోడ్డు మాట విన్నది మన ముగ్గురమే. అయితే ఇవాళా మననుంచే వెళ్ళింది. ఉత్తరం పంపక తప్పదు."

సుబ్బారావు తల దించుకున్నాడు. ఊరుకుంటే చాలు. సీసా నిండింది, మిల్లు దొరికింది, అన్సార్ పేరు ఎక్కడా రాలేదు. కాలవలో నిలబడి ఆ మాట అతను కూడా అనుకున్నాడు, లేదనకూడదు. కానీ నోరు ఊరుకోలేదు.

"బాపట్లని చెప్పింది నేనండి. నాలుగుసార్లు నగరమని చెప్పిందీ నేనే. ఐసు కొనేచోట ఎటని అడిగితే చెప్పాను. వాడు ఫోన్ చేస్తన్నాడని ఇవాళే తెలిసింది." సీసా గట్టు మీద పెట్టాడు. "బాబాయి సెల్లు సంగతి మీకు చెప్పిందీ నేనేగదండి. ఆ ఉత్తరంలో నా పేరు రాయండి."

జయలక్ష్మి సీసా చీటీ మీద ప్రకాశరావు చేత సంతకం పెట్టించుకుంది, సీలు చూసుకుంది. తర్వాత ఫైల్లోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసింది. "మీరన్నదంతా కాయితం మీద రాసివ్వండి, అన్సార్ గారూ. పైవాళ్ళు ఏమంటారో నాకూ తెలీదు" అంది. జీపు బానెట్ మీద కాయితం పెట్టుకుని అన్సార్ రాసిచ్చాడు.

తిరుగు దారిలో సుబ్బారావు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అతను తిట్టినా బాగుండుననిపించింది అన్సార్‌కు. తెనాలిలో ఇంటి ముందు దిగి, తలెత్తలేక, "బాబాయ్" అన్నాడు.

సుబ్బారావు గేరు మార్చాడు. "పొద్దున్నే ఏడింటికొస్తా, సీసాలు కడిగి ఉంచు" అన్నాడు. "ఎటెళ్తన్నామని మాత్రం నన్నడగమాక."

అన్సార్ అక్కడే, వీధిలో, అందరూ చూస్తుండగా ఏడ్చేశాడు.